విద్యాయంత్రములును విద్యార్థుల యిండ్లును

(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యనుగుఱించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మాకు వ్రాసినప్పుడు మొదట సంకోచించితిమి. ముప్పదియేండ్లకు పైబడి బడులలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి పుచ్చుకొనిన పంతులకు యంత్రములనుగుఱించి మాటాడు అధికార మెక్కడిదని తోచెను. కాని మన విద్యానిధినుండి పదవ తరగతి బాలబాలికలకు నూఱు టాబ్లెట్లు కొని పంచవలెనను తీర్మానమొకటి ఈ సాయంకాలము సభయెదుటికి రానున్నదని విన్న పిమ్మట, రాకుండుట తగదని వచ్చితిమి. తీర్మానము తెచ్చినవారు మాయొద్ద చదివిన యువకులు. వారి యుద్దేశము మంచిది. వారిని నొప్పించుటకు గాక, ఈ సొమ్ము ఏ దారిని నడచిన బిడ్డకు చేరునో విచారించుటకే మేమిచట నిలిచియున్నాము.

మేము చిన్నతనమున తర్కసంగ్రహము చదివితిమి. దానిని రచించిన అన్నంభట్టు 17వ శతాబ్దివాడు; తెలుగువాడని ప్రసిద్ధి. ఒక కార్యము పుట్టుటకు ఎన్ని విధములగు కారణములు కావలెనో చెప్పుచు ఆ మహానుభావుడు ఉదాహరణముగా గైకొనిన వస్తువేదో మీలో కొందఱెఱుగుదురు. బట్ట! దారములు సమవాయికారణము, దారముల కూడిక అసమవాయికారణము, నాడెయు మగ్గమును నిమిత్తకారణము. ఈ పాఠము చెప్పుచు మా గురువుగారు మావంక చూచి నవ్వి, "ఇది మీ యింటి శాస్త్రమేరా" యనిరి. నాడు మాకు సిగ్గు కలిగెను. నేడు కాదు. మగ్గ మెంత గొప్పదైనను దారము లేనిచో జానెడు బట్ట పుట్టదు. మగ్గము లేనిచో దారమెంతయున్నను బట్ట కాదు. రెండును కావలసినవే, కాని రెండును ఒక్క విధమగు కారణములు కావు. తరగతిగదిలోని యంత్రము నిమిత్తకారణమనుటలో వివాదముండదు. దారమేది, అది ఎచ్చటనుండి వచ్చుచున్నది, అనునదియే మన విచారణ.

యంత్రము బడికి వచ్చుట నేటి వింత కాదు. 1975వ సంవత్సరము ఆగష్టు మొదలు 1976 జూలై వఱకు అమెరికావారి ఉపగ్రహము నొకదానిని ఎరవు దెచ్చుకొని ఆఱు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు పంపిరి. ఉదయవేళ బడిపిల్లలకు పాఠములు. ఆ యాఱింటిలో నాటి ఆంధ్రప్రదేశ మొకటి. ఏడాది నిండగనే ఉపగ్రహము వెడలిపోయెను. 1984లో కేంద్రప్రభుత్వము కొన్ని ఉన్నతపాఠశాలలకు కంప్యూటర్లను పంపుట కారంభించెను. తరువాతి కాలమున మేము పనిచేసిన యొక బడికిని అవి వచ్చినవి. యంత్రములు చెడునేమో యను భయముచే ఆ గదికి తాళమువేసిరి. తాళపుచెవి యెవరియొద్ద నున్నదో తెలిసికొనుటకు మాకు రెండు సంవత్సరములు పట్టెను. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సర్కారు బడులలోని ఎనిమిదవ తరగతివారికి టాబ్లెట్లు పంచెను. 2023లో గోడకు బిగించు పెద్ద తెరలు తరగతిగదులకు వచ్చినవి.

మేము వీనిని నిందింపవచ్చినవారము కాము. విశ్రాంతి పుచ్చుకొనిన తరువాత మా పూర్వపు బడికి ఒకనాడు వెళ్ళి, వెనుక బల్లమీద కూర్చుండి, ఆ తెరమీద చంద్రకళల పాఠము చూచితిమి. పద్యపాఠములలో శుక్లపక్ష కృష్ణపక్షములు వచ్చినప్పుడెల్ల మేము నిమ్మపండును దీపమును పట్టుకొని ముప్పదియేండ్లు తంటాలు పడియున్నాము. సగముమందికి ఎక్కెడిది కాదు. ఆ తెరమీద చంద్రుడు తిరుగుచుండగా మూడు నిమిషములలో తరగతియంతయు "ఆహా" యనెను. మాకును ఒక సందేహము తీరినదని చెప్పుటకు సిగ్గుపడము. ఐనను పాఠము ముగిసిన తరువాత జరిగినదానిని గూడ చూచితిమి. ఉపాధ్యాయుడు "మిగిలినది ఇంటికడ వీడియోలో చూచి రండు, రేపు ప్రశ్నలడిగెదను" అనెను. అందుకు తలయూపిన పిల్లలు కొందఱు. తలవంచుకొనిన పిల్లలు కొందఱు. తెర అందఱికిని ఒక్కటే. తెర ఆఱిన తరువాత ఎవరి యిల్లు వారిదే.

ఆ తలవంచుకొనినవారినిగుఱించి మేము చెప్పవలసినది యొకటి గలదు. అది మాకు గౌరవము తెచ్చునది కాదు.

2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతపడినవి. పాఠములు దూరదర్శనమునందును టెలిఫోనులందును నడచినవి. అది మా యుద్యోగమునకు చివరి సంవత్సరము. తొమ్మిదవ తరగతిలో మన కులపు బాలుడొకడు మాకు మిక్కిలి యిష్టుడు. పద్యము ఒకమాఱు విన్న మఱునాడు అప్పగించువాడు. పాఠములు ఫోనులో మొదలైన తరువాత వాని జాడ లేదు. మూడు మాఱులు ఫోను చేసితిమి. రెండు మాఱులు ఎత్తినవారు లేరు. మూడవమాఱు ఎవరో యెత్తి "తరువాత చేయండి" యని పెట్టివేసిరి. పైవారికి పంపవలసిన పట్టికలో వాని పేరునకెదురుగా "శ్రద్ధ లేదు" అని వ్రాసితిమి. మా చేతితోనే వ్రాసితిమి.

రెండు నెలలైన పిమ్మట ఆ వీథిని బోవుచు వాని యింటికి వెళ్ళితిమి. ఒక్క గది, ఒక వసారా. గదిలో సగము గుంటమగ్గము. వానలు పడుచున్నవి, గుంటలో నీరూరగా తండ్రి చెంబుతో తోడి పోయుచుండెను. వసారాలో బాలుడు రాట్నముకడ కండెలు చుట్టుచుండెను. ఇంటికి ఫోను ఒక్కటి. అది పగలెల్ల తండ్రియొద్ద నుండవలెను; షావుకారు అంచుల నమూనాలను బొమ్మలుగా పంపును, వెంటనే బదులు చెప్పనిచో నూలు వేఱొక యింటికి పోవును. సాయంకాలము ఇంటర్మీడియటు చదువుచున్న అక్కకు. రాత్రి తొమ్మిది గంటలకు తమ్మునికి చిక్కునప్పటికి ఆ దినపు డేటా అయిపోయి యుండును. తల్లి మాకు ముక్కాలిపీట వేసి, తాను గుమ్మముకడ నిలిచి, "మాస్టరుగారూ, వాడు పాఠం వినలేదని మాత్రం రాయకండి. వినడానికి వాడి చేతికి ఎప్పుడొచ్చిందండీ అది?" అన్నది. మేము అప్పటికే వ్రాసి పంపితిమని ఆమెకు తెలియదు.

మఱునాడు ఆ మాటను పట్టికనుండి కొట్టివేయించితిమి. కొట్టివేసినంత మాత్రమున రెండు నెలల పాఠములు తిరిగి వచ్చునా? 2022లో పదవ తరగతి పరీక్షలు జరిగినవి. ఆ యేట ఆంధ్రప్రదేశమున ఉత్తీర్ణులు నూటికి 67 మంది. వాడు గణితములో పోయినాడు. పిలిపించి చూపించగా తేలినదేమనగా, వానికి భిన్నములు రావు. భిన్నములు తొమ్మిదవ తరగతివి కావు, అయిదవ తరగతివి. అనగా కొఱత మహమ్మారికంటె పాతది. పద్యము చక్కగా అప్పగించువాడని మేము వాని వీపు తట్టుచుండిన కాలముననే ఆ కొఱత వానిలో నుండెను, మేము చూడలేదు. నేడు వాడు మగ్గముమీద నున్నాడు. మంచి నేతగాడు. ఆ పని హీనమని చెప్పు నాలుక మాకు లేదు. మా తండ్రియు నేతవాడే. కాని అది వాడు కోరి ఎంచుకొనినది కాదు.

అదే యూర, అదే యేట, అదే తరగతి చదివిన మఱియొక బాలుడు మనవాడే గలడు. షావుకారుగారి మనుమడు. తనకు వేఱు గది, తన చేతికి టాబ్లెటు, సాయంకాలము రెండు గంటలు ప్రక్కన కూర్చుండి చెప్పుటకు ఒక ఉపాధ్యాయుడు. అతడు బుద్ధిమంతుడు, కష్టపడువాడు. అందు సందేహము లేదు. ఆ సంవత్సరము మన సంఘము పతక మిచ్చినది అతనికే. ఆ పతకమును అతని మెడలో వేసినవారము మేమే. వేయునప్పుడు సభలో వెనుక వరుసను మొదటి బాలుని తండ్రి చప్పట్లు కొట్టుచుండెను.

సోదరులారా, ఇది యొక్క యూరి కథ కాదు. గ్రామములలో ఇల్లిల్లు తిరిగి పిల్లల చదువును పరీక్షించు 'అసర్' సర్వేవారి లెక్కలు చూడుడు. దేశమందలి గ్రామీణ బడిపిల్లల యిండ్లలో స్మార్టుఫోను 2018లో నూటికి 36.5 యిండ్లలో నుండగా, 2020లో 61.8 యిండ్లలోను, 2021లో 67.6 యిండ్లలోను నుండెను. కాని 2021లో ఫోనున్న యిండ్ల పిల్లలలోనే నూటికి 26 మందికి అది చదువుకొఱకు చేతి కందలేదు. మఱియొక లెక్క. మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు ఆంధ్రప్రదేశమున 2018లో నూటికి 22.6, 2022లో 10.3. తెలంగాణమున 18.1 నుండి 5.2. ఫోనులవలన చదువు తగ్గినదని మేమనము; బడులు మూతపడుటవలన తగ్గినది. ఇంటిలోని ఫోను మూతపడిన బడికి బదులు నిలువలేదని మాత్రము అనుచున్నాము. మహమ్మారికి ముందున్న 22.6 అను లెక్క మాత్రము మెచ్చదగినదా? అక్షరములు కూర్చి చదువలేని శిశువునకు తెరమీది పాఠము చంద్రకళలవలె కాదు, గ్రహణమువలె నుండును.

ఇతర దేశములవారి యనుభవమును గొంత చూతము. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమువారు బిడ్డకొక లాప్‌టాప్ అను పథకముక్రింద లక్షలకొలది యంత్రములను పంచిరి. పల్లెటూళ్ళలోని 319 ప్రాథమిక పాఠశాలలను పరీక్షించి 2012లో ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రకటించినదేమనగా, యంత్రము వచ్చిన బడులలోను రాని బడులలోను గణితమునందుగాని భాషయందుగాని పిల్లల నేర్పులో భేదము కానరాలేదు. యంత్రమును త్రిప్పుట మాత్రము బాగుగ నేర్చిరి.

ఇంతకంటె మనకు దగ్గఱి ఉదాహరణము గుజరాతులోనిది. అచ్చట జ్ఞానశాల యను సంస్థ నడపు బడులలో కంప్యూటరుతో గణితమును రెండు రీతుల చెప్పించి, లీ లిండెన్ అను పండితుడు 2008లో ఫలితములను ప్రకటించెను. మొదటి రీతి: ఉపాధ్యాయిని పాఠము చెప్పు గంటను తీసివేసి ఆ గంటలో కంప్యూటరు. రెండవ రీతి: బడి వేళ గడచిన తరువాత అదనముగా కంప్యూటరు. మొదటి రీతిలో పిల్లలు వెనుకబడిరి. రెండవ రీతిలో ముందుకు వచ్చిరి; అందును మందులని పేరుపడినవారే ఎక్కువ లాభము పొందిరి. అదే యంత్రము, అవే లెక్కలు. మనిషికి బదులుగా పెట్టిన చెఱచెను. మనిషికి తోడుగా పెట్టిన మేలు చేసెను.

ఢిల్లీనగరమున జరిగిన పరీక్ష ఇంకను స్పష్టము. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గనిమియన్ అను మువ్వురు 2019లో దానిని ప్రకటించిరి. సర్కారు బడులలో ఆఱవ తరగతినుండి తొమ్మిదవ తరగతి వఱకు చదువు 619 మంది పిల్లలలో కొందఱికి బడి విడిచిన తరువాత ఒక కేంద్రమున చేరుటకు చీటీలు వేసి అవకాశమిచ్చిరి. అచ్చట దినమునకు 90 నిమిషములు: సగము కాలము కంప్యూటరు, తక్కిన సగము కాలము, పదిపదునైదుమంది పిల్లలకు ఒక మనిషి కూర్చుండి చెప్పుట. ఆ కంప్యూటరు ఏ తరగతి బిడ్డయని యడుగదు. ఏమి వచ్చునో పరీక్షించి అచ్చటినుండి మొదలుపెట్టును. నాలుగున్నర నెలలలో ఆ పిల్లలు గణితమునందును హిందీయందును తోడివారిని చాల దాటిపోయిరి. మాకు ముఖ్యముగా తోచినది వేఱొకటి. కేంద్రమునకు పోని పిల్లలలో అడుగువరుసవారు ఆ నాలుగున్నర నెలలు బడికి పోయియు ముందుకు సాగినట్లు కనబడలేదు. పాఠము వారి తలలమీదుగా పోవుచుండెను. మా తరగతులలో ఎందఱి తలలమీదుగా పోయినదో నేడు లెక్కపెట్టుటకు వీలులేదు.

ఇక, అంతయు ఇంటి పుణ్యమే యగునా, బడి యేమియు చేయలేదా, యని యడుగువారుందురు. అమెరికాదేశమున జేమ్స్ కోల్‌మన్ 1966లో ప్రకటించిన గొప్ప నివేదిక యించుమించుగ అట్లే చెప్పెను: పిల్లల ఫలితములలోని భేదమునకు బడి సామగ్రికంటె ఇంటి స్థితిగతులే ఎక్కువ కారణమని. అది చదివి చేతులు ముడుచుకొనినవారు గలరు. కాని 1983లో హేనిమన్, లాక్స్‌లీ అను నిరువురు 29 దేశముల లెక్కలను పోల్చి, బీదదేశములందు ఇంటికంటె బడియు ఉపాధ్యాయుడునే ఎక్కువ ప్రభావము చూపుచున్నారని తేల్చిరి. మాకు రెండవ మాట వినుటకు ఇంపుగనున్నది. మేము పంతులము గనుక ఆ యింపును గొంత తగ్గించియే లెక్కగట్టుడు. ఐనను ఇంటి కొఱత తలవ్రాత కాదనుట సత్యము. ఇల్లు ఈయలేనిదానిని మఱియొకరు ఈయవచ్చును. ఈయవలసినదేమో తెలియవలెను.

అది తెలిసికొనుటకు మనము పెరూవఱకు పోనక్కఱలేదు. జాన్ కే అను నాంగ్లేయుడు 1733లో తాడు లాగిన పరుగెత్తు నాడెను కనిపెట్టెను. 20వ శతాబ్దపు తొలి దశకములలో అది మన తీరమందలి మగ్గములకు వచ్చినది. చేతితో విసరు నాడె పోయి పరుగెత్తు నాడె రాగా నేత వడి హెచ్చెను. దానివలన ఇంటిలో నేమి జరిగెనో మా నాయనమ్మ చెప్పుచుండెడిది: నాడె యెంత వడిగా పరుగెత్తునో కండె అంత వడిగా ఖాళీయగును, ఖాళీయైన కండెను చుట్టు చేతులు కావలెను. మగ్గమున కూర్చుండినవాడు ఒక్కడే. వానికై ఇంటిలోని ఆడువారును పిల్లలును రాట్నముకడ కూర్చుండవలెను. కండెలు అందని యింట క్రొత్త నాడె వచ్చియు మగ్గము ఆగి ఆగి నడచెను.

తరగతిలోని తెరయు అట్టిదే. పాఠమును వడిగా నడపును. ఆ వడికి తగినట్లు ఇంటికడ కండెలు చుట్టవలెను: వెనుకటి పాఠము చదువవలెను, రానిది అడుగవలెను, తప్పును దిద్దించుకొనవలెను. ఇందుకు కావలసినవి మూడు. దీపముక్రింద కూర్చుండుటకు చోటు; పనిచెప్పని రెండు గంటల కాలము; రానిది చెప్పు ఒక మనిషి. షావుకారుగారి మనుమనికి ఈ మూడును గలవు. కూలి నేతగాని కొడుకునకు మూడును లేవు. 2019–20లో జరిగిన నాలుగవ అఖిలభారత చేనేత గణనము ప్రకారము నేత కుటుంబములలో మూడింట రెండువంతులవారి నెల రాబడి 5,000 రూపాయలకు లోపు. ఆ రాబడిలో పిల్లవాని చేతులును కలిసియున్నవి. అట్టి యింటికి టాబ్లెటును పంపుట కండెలు చుట్టువారు లేని మగ్గమునకు క్రొత్త నాడెను బహూకరించుట. ఆడుబిడ్డల మాట మఱియు కష్టము. కండెలు చుట్టుటయు వంటయు వారివే. ఇంటికి ఒక్క ఫోను వచ్చిన అది అన్నదమ్ముల చేతికి పోవుటయే పరిపాటి. మేము చెప్పిన యింట అక్కకు ముందు దొరకుట అరుదైన సంగతి. అందుకు ఆ తల్లిని మెచ్చుకొనవలెను.

యంత్రము ఇంటి బరువును తీర్చిన సందర్భము లేకపోలేదు. చింతకింది మల్లేశముగారి పేరు మీరెఱుగుదురు. పోచంపల్లి చీరలకు ఆసు పోయుటలో తల్లి లక్ష్మమ్మగారి భుజము పడు బాధను చూచి, బడి చదువు నడుమనే మానవలసివచ్చిన ఆయన ఏండ్లతరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును నిర్మించెను. దానికి తల్లి పేరే పెట్టెను. ఒక్క చీరకు చేతిని తొమ్మిదివేల మాఱులు ఇటునటు త్రిప్పవలసిన పనిని ఆ యంత్రము తీసికొనినది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రము మేలుచేయుటకు కారణమేమి? ఆయన మొదట యంత్రమును చూచి తరువాత తల్లిని చూడలేదు. తల్లి భుజమును చూచి తరువాత యంత్రమును తలపెట్టెను.

ఉద్యోగము చాలించిన తరువాత మా యింటి వసారాలో సాయంకాలము ఆఱు మొదలు ఎనిమిది వఱకు కొందఱు పిల్లలను కూర్చుండబెట్టుచున్నాము. పదునలుగురు చేరిరి, ముగ్గురు మానివేసిరి. మా వీథిలో డిగ్రీ చదువు ఒక అమ్మాయి గణితము చెప్పును, తెలుగు మాది. ఒక దాత యిచ్చిన పాత టాబ్లెటు ఒకటి గలదు. దానిని ఒక్కొక్కరు వంతులవారీగా పావుగంట పట్టుకొందురు. అందు మేము కనిపెట్టిన విశేషమొకటి చెప్పెదము. ఎనిమిదవ తరగతి బాలుడొకడు మూడవ తరగతి తీసివేతలు చేయుటకు మాయెదుట సిగ్గుపడి, రాదని చెప్పక, వచ్చినట్లు నటించుచుండెను. టాబ్లెటుతో అతడు గోడవైపు తిరిగి కూర్చుండి ఆ తీసివేతలనే చేసెను. యంత్రము నవ్వదు, "ఇదికూడ రాదా" యని యడుగదు. మేము ఎన్నిమాఱులు అట్లడిగితిమో ఆనాడు తలపునకు వచ్చినది. ఐనను, అప్పు తెచ్చుకొనుట యెందుకో అతనికి బోధపడక అదే తప్పును పదిమాఱులు చేయుచుండగా, ప్రక్కన కూర్చుండి పుల్లల కట్టలు విప్పి చూపినది ఆ అమ్మాయియే. మొదట మాట్లాడిన బాలుని చెల్లెలు గూడ ఇపుడు మా వసారాకు వచ్చుచున్నది.

ఇక తీర్మానము. టాబ్లెటు ఒకటికి పదివేల రూపాయలు వేసికొనిన నూటికి పది లక్షలు. రెండుమూడేండ్లలో సగము పగులును, సగము ఇంటి ఫోనులగును. అంతే సొమ్ముతో వేఱొక పని చేయవచ్చును. ఒక సాయంకాల పఠనశాలకు ఇద్దఱు మనుష్యులు, ఒక్కొక్కరికి నెలకు 8,000 రూపాయలు, సంవత్సరమునకు 1,92,000. అట్టివి అయిదు శాలలకు 9,60,000. మిగిలిన 40,000లతో శాలకొక టాబ్లెటు చొప్పున నాలుగు శాలలకు కొనవచ్చును. శాలలకు చోటు వెదకనక్కఱలేదు. మన మార్కండేయ మందిరముల మండపములు సాయంకాలము ఖాళీగనే యున్నవి, దీపములు వెలుగుచునే యున్నవి.

"టాబ్లెట్లు పంచిన ఫోటో పత్రికలో వచ్చును, పఠనశాలకు ఫోటో యేమి వచ్చును?" అని తీర్మానకర్తలలో ఒకరు మాతో హాస్యముగా అనిరి. అది సత్యమే. దానికి మాయొద్ద సమాధానము లేదు. "తరువాతి సంవత్సరము సొమ్మెచ్చటిది?" అని మఱియొకరు అడిగిరి. ఇది గట్టి ప్రశ్న. టాబ్లెటుకు ఒక్కమాఱు ఖర్చు. మనిషికి ఏటేట జీతము. ఇందుకు పతకముల ఖర్చును, సన్మానపు శాలువల ఖర్చును మూడేండ్లు ఆపుడని మేము చెప్పుచున్నాము. పతకము పొందు బిడ్డ పతకము లేకున్నను చదువుకొనును. ఇంకను చాలనిచో షావుకార్లు చందా వేయవలెను. వారు సభలో మొదటి వరుసనున్నారు గనుక మేము ఎక్కువగా చెప్పము.

వారినే ఇంకొకటి కోరెదము. ఇది సొమ్ము ఖర్చుగానిది. నూలు ఇచ్చునప్పుడు గడువును ఒక్క దినము పెంచుడు. ఆ యొక్క దినమువలన సాయంకాలము ఆఱు మొదలు ఎనిమిది వఱకు పిల్లల చేతులు రాట్నమునుండి విడుదలయగును. మన తీరమందలి షావుకార్లు నలువురు అంగీకరించిన మిగిలినవారు పోటీకి వెఱవనక్కఱలేదు. ఒక్కరే అంగీకరించిన ఆ యొక్కరికి నష్టము. కావున ఇది సంఘముగా చేయవలసిన పని, ఒక్కరి దాతృత్వమునకు వదలవలసినది కాదు.

సవరణను వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చియున్నాము. అందు మూడు వాక్యములున్నవి: విద్యానిధి సొమ్ముతో ఈ యేడు అయిదు ఊళ్ళలో సాయంకాల పఠనశాలలు తెఱచుట, టాబ్లెట్లను ఆ శాలలయందే యుంచుట, చేరు పిల్లలలో సగమునకు తక్కువగాక ఆడుపిల్లలుండునట్లు చూచుట. ప్రతిపాదించువారముగా మేము సంతకము చేసితిమి. బలపఱచువారి చోటు ఇంకను ఖాళీగ నున్నది. తీర్మానము తెచ్చిన యువకులలో ఎవరైనను ఆ చోట సంతకము చేసిన మాకు సంతోషము. కాగితము భోజనశాలయొద్ద కార్యదర్శిగారి బల్లమీద నాలుగు గంటల వఱకు ఉండును.